తడవకూడని వర్షమాపకం

మా బావ ముప్ఫై ఏళ్లు సర్వే ఆఫీసులో గొలుసు లాగాడు. రిటైరయ్యాక కొలవడానికి భూమి దొరక్క ఆకాశం మీద పడ్డాడు. పెరట్లో తెల్ల చెక్కపెట్టె, అందులో థర్మామీటరు, కప్పు మీద గాలికి తిరిగే రేకు కోడి, నేలలో పాతిన రాగి గరాటు: ఇదీ ఆయన వాతావరణ కేంద్రం. వీధిలో ఆయన పేరు గాలికోడి. ఒకసారి తుఫానులో ఆ రేకు కోడి గుడ్డు పెట్టిందని చెప్పాను. తేదీతో సహా రిజిస్టరులో రాసుకున్నాడు.

నవ్వులాట ఎలా ఉన్నా, ఆయన కూతురి కాపురం ఆ గరాటు మీదే నిలబడి ఉంది. అల్లుడికి రెండు మైళ్ల అవతల ఇటుక బట్టీ. వాన పడమటి నుంచి బావ ఇంటి మీదుగానే అటు పోతుంది. గరాటులో చినుకు పడగానే బావ ఫోను చేస్తే, ఆరబెట్టిన పచ్చి ఇటుకల మీద టార్పాలిన్లు కప్పడానికి అల్లుడికి పావుగంట దొరికేది. ఒక్కసారి తప్పితే నెల రోజుల కష్టం మళ్లీ బురదే.

ఈ ఏడు బావకు వైర్‌లెస్ పిచ్చి పట్టింది. రాగి గరాటు పెరికి, నూనె పోసుకోమని మా అక్కకిచ్చాడు. కొత్త మెషీనులో చిన్న గరిటె ఉంటుంది. అది నిండి ఒరిగినప్పుడల్లా లెక్క ఫోనుకు వెళ్లి, బట్టీలో అల్లుడి ఫోను దానంతటదే మోగుతుంది. నేను వెళ్లేసరికి దాన్ని వరండా చూరు కింద గోడకు బిగిస్తున్నాడు.

“ఇక్కడ వాన పడదు కదా బావా?”

“అందుకేరా ఇక్కడ పెట్టింది. లోపలంతా ఎలక్ట్రానిక్స్. తడిస్తే పోదూ? పైగా వైఫై నాలుగు గీతలూ ఇక్కడే వస్తున్నాయి.”

“మరి వానని ఎలా కొలుస్తుంది?”

“సెన్సర్‌రా అది. నీ కాన్వెంటు చదువుకి అందదులే.”

కాన్వెంటులో సిస్టర్లు నాకు చాలా నేర్పారు గానీ, ఇలాంటివాడికి జవాబు చెప్పడం నేర్పలేదు. బావ గరిటెను వేలితో ఒరిగించాడు. బట్టీలో ఫోను మోగింది. “ఇక ఆకాశం చూసే పని తప్పింది మామయ్యా,” అన్నాడు అల్లుడు వెంటనే ఫోను చేసి. మామకు తగ్గవాడే.

మెషీన్ బిగించిన మూడో వారం, మధ్యాహ్నం. వరండాలో కూర్చున్న మా ముందే వాన దంచడం మొదలుపెట్టింది.

“అల్లుడికి చెప్పండి,” అంది అక్క.

“మెషీన్ చెబుతుందే. మధ్యలో మనం దూరితే దానికేం విలువ?”

“ఏం చెబుతోంది?”

“సున్నా.”

“మరి ఈ పడేదేంటి?”

బావ చెయ్యి బయటికి చాపి, తడి చూసుకుని, మళ్లీ ఫోను చూశాడు. “ఇది లెక్కలోకొచ్చే వాన కాదేమో.”

అక్కే ఫోను చేసింది. “బాబూ, ఇక్కడ కుండపోత. టార్పాలిన్లు కప్పించు.”

“ఇక్కడ ఎండ కాస్తోంది అత్తయ్యా. మెషీన్ సున్నా అంటోంది. పనివాళ్లు ఇప్పుడే అన్నాలకు కూర్చున్నారు. ఊరికే లేపమంటారా?”

అక్క ఫోను పెట్టేసి లోపలికెళ్లింది. బాత్రూం మగ్గు నిండా నీళ్లు తెచ్చి, స్టూలెక్కి, మెషీన్ నెత్తిన గుమ్మరించింది. గరిటె టకటకా కొట్టుకుంది.

“తడుస్తోందే, తడుస్తోంది,” అంటూ బావ లేచాడు. ఇంతలో చేతిలో ఫోను కెవ్వుమంది. అతి భారీ వర్షం. ఆ మొహం చూడాలి, పెళ్లిఫోటోలో కూడా అంత వెలుగు లేదు. “చూశావురా, కాస్త ఆలస్యమైనా చెప్పేసింది.”

అరగంటకు అల్లుడి ఫోను. “చివరి వరస కప్పుతుంటే చినుకు పడింది మామయ్యా. ఒక్క ఇటుక తడిస్తే ఒట్టు. మీ మెషీన్ మెషీనే.”

బావ రిజిస్టరు తీశాడు. ఆయన కేంద్రం పుట్టాక ఒక్క నిమిషంలో పడిన అతి పెద్ద వాన ఆ మగ్గుడు నీళ్లే. ఎర్రసిరాతో రాసి కింద గీత కూడా గీశాడు.

మెషీన్ ఇప్పటికీ చూరు కిందే, పొడిగా ఉంది. దాని పక్కన కొత్తగా ఒక మేకు, మేకుకి మగ్గు. మేకు కొట్టింది అక్క.