తెన్‌కాసి రోడ్డు మెట్టు: ఒక చోటు, రెండు పూటలు

నేను పదవీ విరమణ చేయడానికి మూడేళ్ళ ముందు, ఆడి నెల మొదటి వారంలో, అంటే జూలై మూడో వారంలో, నన్ను తమిళనాడులోని మా రాజపాళయం వీధి వ్యాపారుల సర్వేకు వేశారు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళుగా సర్వేయర్‌ని. మొదట గొలుసు పట్టి పొలాలు, తరువాత టేపు పట్టి ఇళ్ళ స్థలాలు కొలిచినవాణ్ణి. రోడ్డు పక్కన కూర్చుని పూలమ్మేవాళ్ళ పేర్లు రాసుకుంటూ తిరగడం నా స్థాయికి తగిన పని కాదని ముఖం చిట్లించుకున్నాను. నీకు తమిళం, తెలుగు రెండూ వచ్చు, ఊరివాడివి, ఇంకెవరిని వెయ్యమంటావని మా అధికారి నోరు మూయించారు.

పని పద్ధతి చెప్పాలి. చట్టం ప్రకారం సర్వే చేయకుండా వీధి వ్యాపారిని లేపకూడదు. ముందు సర్వే ఫారం నింపుతాం. అందులో పేరు, ఆధార్, అమ్మే సరుకు, కూర్చునే చోటు, ఆ చోట్లో తీసిన ఫోటో ఉంటాయి. వాటినుంచి ముసాయిదా పట్టిక తయారై నెల రోజులు నోటీసు బోర్డు మీద ఉంటుంది. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఆ నెలలోపల మనువు, అంటే అర్జీ, ఇచ్చుకోవాలి. తరువాత తుది పట్టిక వస్తుంది. అందులో పేరున్నవాళ్ళకు గుర్తింపు కార్డు, రోడ్డు పక్కన పసుపు రంగుతో గీసిన నాలుగడుగుల చదరం దక్కుతాయి. పేరు లేనివాళ్ళు ఎన్నేళ్ళనుంచి కూర్చుంటున్నా కాగితం లెక్కలో అక్కడ లేనట్టే.

పుట్టి పెరిగిన ఊరే అయినా సర్వే సాగిన ఆ రెండు నెలల్లో చూసినంతగా మునుపెన్నడూ చూడలేదు. రాజపాళయం వ్యాపారం ఒక్క వీధిలో సాగేది కాదు. పాత బస్టాండు చుట్టూ పండ్లు, నూనె పలహారాలు. పంజు మార్కెట్టు కూడలిలో బట్టలు, టీ కొట్లు. తెన్‌కాసి రోడ్డు పొడుగునా చెప్పులు, ఫోన్ కవర్లు, గాజులు, ప్లాస్టిక్ బక్కెట్లు. ప్రతి పేటకూ దాని వేళ ఉంది. పొద్దున పూలు, ఆకుకూరలు. మధ్యాహ్నం రోడ్డు బోసిపోతుంది. నాలుగు గంటలకు నూలు మిల్లుల షిఫ్టు వదిలి ఆడవాళ్ళు షేర్ ఆటోలనుంచి దిగడం మొదలైతే ఇక సందడే. ఆరు గంటలకు కాలు పెట్టడానికి చోటుండదు.

సర్వే వేళలు మాత్రం పొద్దున పదినుంచి ఒంటిగంట వరకు. సాయంత్రం ట్రాఫిక్‌లో నిలబడి ఫోటోలు తీయలేమని పెట్టిన ఏర్పాటు అది. సాయంత్రం కూర్చునేవాళ్ళ సంగతేమిటని నేనొకసారి అడిగాను. చోటు ఒక్కటే కదా, ఎప్పుడు రాస్తే ఏమిటన్నారు. నేను మళ్ళీ అడగలేదు.

తెన్‌కాసి రోడ్డు మీద, పంజు మార్కెట్టుకు దగ్గర్లో, చాలాకాలంగా మూసి ఉన్న ఒక కొట్టు మెట్టు ఉంది. అక్కడ పూలమ్మే ఆమె పేరు పేచ్చియమ్మాళ్. తళవాయిపురంనుంచి తెల్లవారి మొదటి బస్సుకు వస్తుంది. ఫారం నింపి ఫోటో తీశాక, ఇంకొకరి పేరు కూడా రాసుకోవాలని ఆమే చెప్పింది. పొద్దు పూట చోటు తనది, ఒంటిగంట తరువాత గురువమ్మాళ్‌ది. పదకొండేళ్ళుగా అంతే. తను లేచేముందు తడిసిన మెట్టును చిమ్మి, గుడ్డతో తుడిచి, కూర్చునే పీట అక్కడే వదిలిపెట్టి పోతుంది. రాత్రి గురువమ్మాళ్ ఆ పీటను పక్క టీ కొట్టులో పెట్టి పోతుంది. పొద్దున పేచ్చియమ్మాళ్ తీసుకుంటుంది. మా బజారులో ఇటువంటి చోట్లు ఇంకా ఉన్నాయి, అందరికీ తెలిసిన సంగతే. ఫారంలో మాత్రం ఒక చోటుకు ఒక్క పేరుకే గడి ఉంది.

ఆ సాయంత్రం డ్యూటీ కాకపోయినా నేనే వెళ్ళాను. గురువమ్మాళ్‌కు యాభై ఏళ్ళుంటాయి, మంసాపురం మనిషి. తళవాయిపురంలో కుట్టిన నైటీలు తెచ్చి మెట్టు మీద పరిచి అమ్ముతుంది. మిల్లు ఆడవాళ్ళంతా ఆమె చుట్టూ ఉన్నారు. ఎవరికి ఏ కొలత సరిపోతుందో చూపుతోనే చెప్పేస్తోంది. ఒకామె రెండు రంగుల మధ్య కొట్టుమిట్టాడుతుంటే, “ఆ పచ్చది వద్దు పిల్లా, ఒక్క ఉతుకుకే వెలిసిపోతాది” అని అమ్ముడుపోయే సరుకును తనే వెనక్కి లాక్కుంది. వ్యాపారం ఇలా చేస్తే ఎలాగమ్మా అన్నాను తెలుగులో. అంతవరకూ సార్ అంటున్నామె, మాట వినగానే “మనవాళ్ళా అన్నా?” అంది. భర్త లేడు. కొడుకు కోయంబత్తూరులో నర్సింగ్ చదువుతున్నాడు. ఆ మెట్టు మీద వచ్చేదే వాడి చదువు.

పేచ్చియమ్మాళ్ ఫారంలోనే రిమార్కుల గడిలో రాశాను: ‘మధ్యాహ్నం ఒంటిగంట తరువాత ఇదే చోట గురువమ్మాళ్, నైటీల వ్యాపారం’. కింద రెండు గీతలు కూడా గీశాను. చట్టానికి తోచని సంగతిని నేను ఫారంలోకి ఎక్కించానని లోలోపల గర్వపడ్డాను కూడా.

ముసాయిదా పట్టిక బోర్డుకెక్కిన మూడో వారంలో గురువమ్మాళ్ ఆఫీసుకు వచ్చింది. పేర్లన్నీ రెండుసార్లు చదువుకుని నా బల్ల దగ్గరకు వచ్చింది.

“అన్నా, పట్టియల్‌లో నా పేరు లేదే. మనువు ఏమైనా రాసి ఇయ్యల్నా?”

“వద్దమ్మా. నీది నేనే రాసినాను. రిమార్కులు ఆ కాగితంలో కనపడవు, ఫైలులో ఉంటాయి.”

“నిజంగా ఉంటాదా అన్నా? పక్క టీ కడై ఆయన, ఎందుకైనా మంచిది మనువు పెట్టేయ్ అన్నాడు.”

“ఇన్నేళ్ళు సర్వే చేసినవాణ్ణి, నాకు తెలియదా? పోయి వ్యాపారం చూసుకో.”

ఆమె పోయింది. ఫైలు నేను చూడలేదు. చూడాలని తోచనేలేదు. అర్జీ ఫారాల కట్ట నా బల్ల సొరుగులోనే ఉంది. ఒకటి తీసి ఇచ్చి, నింపించి, రసీదు రాసివ్వడానికి పది నిమిషాలు పట్టేది. నా రాతను అనుమానిస్తోందని నాకు చిరాకు వేసింది. అసలు సంగతి అదే.

తుది పట్టిక వచ్చింది, కార్డులు పంచారు. చదరాలు గీసే పనికి కొలతలకోసం నన్నే పంపారు. తెన్‌కాసి రోడ్డు మెట్టు దగ్గరకు మేం చేరేసరికి ఒంటిగంట. పేచ్చియమ్మాళ్ మెట్టు తుడుస్తోంది. గురువమ్మాళ్ నైటీల మూట దించి పక్కన నిలబడి ఉంది. మాతో వచ్చిన సూపర్‌వైజరు, కార్డు ఉన్నవాళ్ళు తప్ప ఇంకొకరు ఆ చదరంలో కూర్చుంటే కార్డు రద్దవుతుందని ప్రతిచోటా చెప్పినట్టే అక్కడా చెప్పాడు. పేచ్చియమ్మాళ్ కార్డు చూపించింది. ఈ మూట ఎవరిదని అతను అడిగాడు.

గురువమ్మాళ్ కంగారు పడలేదు. నా వైపు చెయ్యి చూపించి, “ఈ అన్ననే అడగండి. ఈయనే వచ్చి నా పేరు రాసుకొని పోయినాడు” అని అతనికి తమిళంలో చెప్పింది. అందరూ నన్ను చూశారు. పట్టిక నా చేతిలోనే ఉంది. అందులో ఆమె పేరు లేదని నాకప్పటికే తెలుసు. తెలిసి నాలుగు రోజులైంది, వెళ్ళి చెప్పడానికి ముఖం చెల్లలేదు.

“పట్టికలో పేరు లేదు” అన్నాను.

సూపర్‌వైజరు పేచ్చియమ్మాళ్‌ను అడిగాడు, ఈమె నీ చోట్లో కూర్చుంటుందా అని. పేచ్చియమ్మాళ్ చేతిలోని గుడ్డను పిండుతూ, తను బస్సెక్కి పోయాక ఇక్కడ ఎవరు కూర్చుంటారో తనకెలా తెలుస్తుందంది. పదకొండేళ్ళు ఆ పీటను చేతులు మార్చుకున్న మనిషి అన్న మాట అది. ఆమెను నేను తప్పు పట్టను. నిజం చెబితే ఇద్దరి కూడూ పోయేలా నియమం రాసిపెట్టింది మేమే. గురువమ్మాళ్ మూట ఎత్తుకుని రోడ్డు దాటింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వంగి టేపు పట్టుకున్నాను, నాలుగడుగులు కొలిచాను, గీత పడింది.

తరువాత చేయవలసినవన్నీ చేశాను, ఆలస్యంగా. ఫారాలను కంప్యూటరుకు ఎక్కించే పని ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చారని అప్పుడు తెలిసింది. వాళ్ళ ప్రోగ్రాములో రిమార్కుల గడే లేదు. గోడౌనులో కట్టలు విప్పి ఆ ఫారం వెతికి పట్టుకున్నాను. నా రాత చక్కగా ఉంది, రెండు గీతలూ ఉన్నాయి. దాన్ని జతపరచి నేనే అర్జీ రాసి వీధి వ్యాపారుల కమిటీ ముందు పెట్టాను. గడువు దాటింది, రిమార్కు అర్జీ కిందికి రాదు, మళ్ళీ సర్వే ఐదేళ్ళకు అని జవాబు వచ్చింది. ఆ జవాబులో తప్పు పట్టడానికి లేదు. వేరొకరి విషయమైతే నేనూ అదే రాసేవాణ్ణి.

గురువమ్మాళ్ కొన్ని వారాలు వెనక సందులో కూర్చుంది. షిఫ్టు వదిలిన ఆడవాళ్ళు ఆ సందులోకి రారు. అక్కడినుంచీ రెండుసార్లు లేపారు. చివరికి సరుకు తిరిగిచ్చేసి, ఒక మిల్లులో వ్యర్థ దూది వేరుచేసే పనికి చేరింది. కొడుకు రెండో ఏడాది మధ్యలో చదువు మానుకుని వచ్చి అదే మిల్లులో చేరాడని విన్నాను.

తరువాతి సర్వే వచ్చేనాటికి నేను రిటైరై రెండేళ్ళు. తెలిసిన గుమాస్తా దగ్గర ఫారం తీసుకుని మంసాపురం వెళ్ళాను. ఆమె వాకిట్లో కూర్చుని ఉంది. లేచి లోపలికి పోయి మజ్జిగ తెచ్చేలోపల మూడుసార్లు ఆగి దగ్గింది. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందని పెద్దాసుపత్రిలో చెప్పారట. ఫారం తీసి ముందు పెట్టాను.

“ఇప్పుడు పేరు రాసి ఏమి చేసేది అన్నా? బస్టాండుదాకా నడవను ఊపిరి లేదు. ఆ పొద్దు మనువు ఇయ్యి అని ఒక్కమాట చెప్పి ఉంటే సాలు కదా.”

ఆమె గొంతులో కోపం లేదు. ఫారం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. బజారును అది నడిచే వేళలో వెళ్ళి కొలవండి. రాసినది పట్టికలోకి చేరిందో లేదో మీ కళ్ళతో చూడండి. మీ బల్ల ముందు నిలబడి అర్జీ ఇవ్వాలా అని అడిగే మనిషికి వద్దని చెప్పే అధికారం ఏ సర్వేయరుకూ లేదు. కాగితం తీసుకోండి, రసీదు ఇవ్వండి.