నాయన కాలి గంట

నేను కథ మొదలుపెడితే మా ఇంట్లో రెండో మాటకు ఒకరు ఆవలిస్తారు, నాలుగో మాటకు అందరూ పడకలు పరుచుకుంటారు. అందుకే కాబోలు, మొన్న మార్కాపురంలో మనవరాలి ఇంటికి పోతే, కొత్తగా తెచ్చుకున్న కుక్కపిల్లను నా ఒళ్లో పెట్టి, "తాతా, ఇది రాత్రంతా ఏడుస్తా ఉంది. నువ్వన్నా పండుకోబెట్టు" అంది. దానికి మెత్తని పరుపుంది, దుప్పటుంది, పక్కన సన్నగా పాడే రేడియో కూడా ఉంది. నా పెళ్లిలో నాకు ఇన్ని మర్యాదలు జరగలేదు. దాని తల నిమిరాను గానీ ఉపాయం చెప్పడానికి నోరు రాలేదు. ఉపాయం తెలియక కాదు. తెలిసిన ఒక్క ఉపాయాన్నీ చెడగొట్టింది నేనే కాబట్టి.

మాది రాచర్ల పక్క పల్లె. అప్పట్లో మా జిల్లా కర్నూలు, రాష్ట్రం మద్రాసు. మా ఊరు ఎక్కడుందో ఆ రెండింటికీ తెలియదని నాయన అనేవాడు. మూడో తరగతిలో అయ్యవారికి చెప్పకుండా నేను తీసుకున్న సెలవు ఇంకా నడుస్తూనే ఉంది. గొర్రెల వెంట తిరుగుతూ ఇరవై ఏళ్లవాణ్నయ్యాను. పని తక్కువ, నోరు ఎక్కువ. మందకు అసలు కాపలా కర్రిగాడు, మా నల్ల కుక్క. అప్పుడు కరువొచ్చింది, వరుసగా రెండేళ్లు వాన లేదు. కొమ్మలు నరికి మేపాం, అవీ అయిపోయాయి. ఒక్కొక్క గొర్రే కూలిపోతుంటే చూడలేక నాయన మందనంతా బేరగాళ్లకు ఇచ్చేశాడు. గిద్దలూరు స్టేషన్లో రైలు పెట్టెల్లోకి ఎక్కించేదాకా నాయనా, కర్రిగాడూ వెంట నడిచారు. ముందు నడిచే పొట్టేలు మెడలోని గంటను మాత్రం నాయన విప్పుకున్నాడు. "గంటతో కలిపి గదా బేరం?" అన్నాడట బేరగాడు. "పొట్టేలు నీది, గంట నాది" అన్నాడట నాయన.

ఆ రాత్రి నుంచి కర్రిగాడు పడుకోలేదు. ముళ్లకంప దొడ్డి ఖాళీగా ఉంటే దాని చుట్టూ తెల్లవార్లూ తిరిగేది. అమ్మ పొద్దుగూకకముందే కడుపునిండా సంగటి పెట్టి చూసింది. పాత గొంగళి మడిచి పరిచింది. నేను అలసిపోతే పడుకుంటుందని కొండదాకా పరిగెత్తించి తెచ్చాను. నేను పడుకున్నాను, అది పడుకోలేదు. డొక్కలు లోపలికి పోయాయి. నాయన కూడా అరుగు మీద కళ్లు తెరుచుకునే ఉండేవాడు, కుక్క గోలకేమో అనుకున్నాం.

ఒక సాయంత్రం అమ్మ చెయ్యి తగిలి, వాసానికి వేలాడదీసిన గంట కొంచెం మోగింది. కర్రిగాడు టక్కున ఆగి, చెవి నిక్కించి, అక్కడే కూలబడింది. నాయనకు అర్థమైంది. మంద పడుకున్నాక పొట్టేలు అటూ ఇటూ కదిలితే గంట అప్పుడొకసారి అప్పుడొకసారి సన్నగా మోగుతుంది. అంటే అంతా బాగుందని. బొత్తిగా మోగకపోతేనే కుక్క లేచి వెతుకుతుంది. నాయన గంటను తన కాలి చీలమండకు కట్టుకుని పడుకున్నాడు. నిద్రలో కాలు కదిలినప్పుడల్లా గంట మోగింది. కర్రిగాడు అరుగు కింద కాళ్లు చాపుకుని నిద్రపోయింది. చాలా రోజుల తర్వాత నాయన గురక కూడా విన్నాం.

అక్కడితో ఊరుకుని ఉంటే నేను నేనెట్లా అవుతాను? మరునాడు దుకాణం అరుగు మీద నలుగురు కనబడేసరికి నాలుక దురద పెట్టింది. "మా మందలో ఒక పొట్టేలు మిగిలింది. రాత్రిపూట గంట కట్టుకుని పండుకుంటాది. మీసాలున్నాయని బేరగాళ్లు కొనలేదు" అన్నాను. అరుగంతా నవ్వింది. ఆ నవ్వు సాయంత్రానికి ఊరంతా తిరిగింది. "మామా, ఇంత గడ్డి ఎయ్యమంటావా?" అని ఒకడు, "పెదనాయనా, ఉన్ని ఎప్పుడు కత్తిరిస్తారు?" అని ఇంకొకడు. నాయన ఇంటికొచ్చి, గంటను తిరిగి వాసానికి తగిలించాడు.

"కట్టుకోరాదూ, ఊరోళ్ల నోళ్లకేంది" అని అమ్మ బతిమాలింది. నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. భయమేసి నేనే గంట పట్టుకుని ఊపాను. నేను ఊపితే అది బడిగంటలా మోగింది. బడిగంట విని నేను ఎట్లా పోయేవాణ్నో కర్రిగాడూ అట్లే దూరంగా పోయింది. మూడు రాత్రులు దొడ్డి చుట్టూ తిరిగింది. నాలుగో రాత్రి తిరగలేదు. నిద్రపోయిందని సంతోషించాం.

మరునాడు మధ్యాహ్నానికి రైలు కట్ట మీద పనిచేసే కూలీ ఒకాయన వచ్చాడు. "అన్నా, మొన్న గొర్రెల్ని ఎక్కించినావే, ఆడనే. తెల్లారుజామున మీ కుక్క గూడ్సు కింద పడినాది" అన్నాడు. నాయన పోయి, గొంగళిలో చుట్టి, భుజాన వేసుకుని అంత దూరమూ నడిచి వచ్చాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు. ఖాళీ దొడ్డి మధ్యలో తానే గుంట తవ్వి పూడ్చాడు. నేను పక్కన నిలబడి, నిలబడలేక, "నవ్వులాటకే అన్నాను నాయనా. నువ్వు గంట ఇప్పకుండా ఉండింటే అది పోయేది గాదు గదా" అన్నాను. తప్పు ఆయన మీదికి తోయడానికి ఆ పూట కూడా నా నోరు తడుముకోలేదు.

ఆనాటి నా హాస్యం ఇప్పుడు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు, నవ్వినవాళ్లలో చాలామంది పోయారు. కాలం నా మాటలన్నీ అరగదీసింది గానీ, పార మీది మట్టి దులుపుతూ, నావైపు చూడకుండా నాయన అన్న ఒక్క మాటను తాకలేదు:

"గంట కుక్క కోసమే కట్టుకున్నాననుకున్నావేందిరా?"