అతుకుల బాబాయి

మా పేటలో కేబుల్ నడిపే బాబాయి మాట్లాడుతూనే పళ్ళతో వైరు ఒలిచేవాడు. ముందుపళ్ళు అరిగిపోయి, నవ్వితే సిగ్నల్ అందని టీవీలా ఉండేవాడు.

ఎన్నికల ముందు, పోటీలో ఉన్న మా పేట లీడరు మనుషులొచ్చి, తమను ఏకేస్తున్న వార్తల ఛానెల్ ఆపమన్నారు.

"నచ్చనిది మీ లీడరుగారికేగా? వాళ్ళింటికే ఆపేస్తాలెండి," అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. మర్నాటికి మిర్చి యార్డు దగ్గర మెయిన్ వైరు తెగిపడింది. బాబాయి స్తంభమెక్కి అతుకేశాడు. వాళ్ళు మళ్ళీ కోశారు. ఈయన మళ్ళీ ఎక్కాడు.

"వదిలెయ్యరాదూ బాబాయ్? డిజిటల్ డిష్షులొచ్చి నీ కేబుల్ ఎట్లాగూ పోతోంది," అన్నాను.

"పోతే జనం వద్దంటే పోవాలిరా. వద్దనడానికి వాడెవడు?"

చివరికి కోసేవాళ్ళకే విసుగొచ్చింది. ఓట్ల లెక్కింపు రోజు పేటంతా ఆ ఛానెలే చూసింది. లీడరుగారి అమ్మ మా ఇంటికొచ్చి మరీ చూసింది.