బొనారియా పాదం కొలత

ఒరుత్తెలిలో గొర్రెల కాపరులకు బొనారియా దగ్గర పాలు పోయాలంటే హడలు. బిందె దింపీ దింపకముందే ఆమె వేలు పాలలో ఉండేది. నాలుకకు రాసుకుని, పోసినవాడి మొహంలోకి చూసి, "రాత్రి వాన ఊరంతా పడిందా, నీ బిందెలో ఒక్కదాన్లోనే పడిందా?" అనేది. మొగుడు పోయాక పదేళ్లుగా చీజ్ చేసుకుని ఒంటరిగా బతుకుతున్న మనిషి. అనుమానమే తన కాపలాకుక్క అనేది. తప్పేముంది? ఆ సార్డీనియా కొండల్లో అందర్నీ నమ్మి బాగుపడ్డవాడెవడు గనక!

యాభై రెండేళ్లొచ్చినా ఆమెకు కార్ల పిచ్చి పోలేదు. ఏటా సెప్టెంబరులో కొండదారి మీద పైకి, పొద్దునోసారి మధ్యాహ్నమోసారి జరిగే పందెంలో, వెనక ఇంజను ఉన్న తన పాత ఫియట్ ఎక్కేది. కిందటేడు గొర్రెల మలుపు దగ్గర బ్రేకు తొక్కి, టక్కున గేరు దించేసరికి వెనక చక్రాలు బిగుసుకుపోయి, కారు బొంగరంలా తిరిగి గడ్డిమోపుల్లో పడింది. ఊరంతా విరగబడి నవ్వింది. ఏడాది పొడవునా పాలు పోసే ప్రతివాడూ "ఏం బొనారియా, ఇవాళ ఎటు తిరిగి ఉన్నావ్?" అనేవాడు. ఈసారి కూడా ఆ మలుపు దాటలేకపోతే కారు అమ్మేస్తానని మేరీమాత మీద ఒట్టేసుకుంది.

నేర్పుతానని తనంతట తానే వచ్చాడు ఆంటియోకో, కుంటికాలి ముసలి మెకానిక్కు.

"బ్రేకు మీంచి కాలు తీయకు. ఎడంకాలు క్లచ్ నొక్కగానే, కుడిపాదం అంచు వాల్చి యాక్సిలరేటర్ని ఒక్కసారి తట్టు. ఇంజను గుర్రుమంటుంది. అప్పుడు దించు గేరు. చక్రాలకు తెలియను కూడా తెలీదు."

"ఉత్తపుణ్యానికి నాకెందుకు నేర్పుతున్నావ్ బాబాయ్?"

"పొద్దుపోవద్దూ?"

ఇదొక జవాబా! ఆయన మేనల్లుడు లుస్సోరియో అదే పందెంలో ఉన్నాడాయె. సొంత మేనల్లుణ్ణి వదిలి పరాయిదానికి విద్య చెప్పేవాణ్ణి ఎక్కడైనా చూశామా?

వేసవంతా నేర్చుకున్నా పని కాలేదు. ఆమెది చిన్నపిల్ల పాదం. బ్రేకు గట్టిగా తొక్కితే అంచు యాక్సిలరేటర్‌కు అందదు, అందిద్దామంటే బ్రేకు జారుతుంది. "పాదం సంగతి నేను చూస్తాలే" అన్నాడు ముసలాయన. ఆ మాటకే ఆమె కాపలాకుక్క చెవులు రిక్కించింది. ఒకరోజు పాలు కాచి బయటికొచ్చేసరికి, గుమ్మంలో ఉన్న ఆమె బూటును ఆయన దారంతో కొలుస్తున్నాడు.

"నా బూటుతో నీకేం పని? చేతబడా?"

"శవపెట్టెకి కొలత. పోవే!" అని దారం జేబులో దోపుకున్నాడు.

పందెం ముందురోజు సాయంత్రం కార్లన్నీ తాళంచెవులతో సహా చర్చి ముందు నిలపాలి. తెల్లారి ఫాదరుగారు మంత్రజలం చల్లేదాకా సొంతదారులు కూడా ముట్టుకోకూడదు. రాత్రి కాపలా ఆంటియోకోదే. ఎవరి చెయ్యి ఎక్కడ పడుతుందోనని బొనారియాకు కంటిమీద కునుకు లేదు.

ఆదివారం పొద్దున తలుపు తీసి వంగి చూసింది. అనుకున్నంతా అయింది! యాక్సిలరేటర్ మీద ఓ ఇనపరేకు, కొత్త బోల్టులతో, బ్రేకు వైపుకు పొడుచుకొచ్చి ఉంది. బ్రేకు తొక్కితే రెండూ కలిసి దిగుతాయి, కారు తిన్నగా వెళ్లి గోడను ముద్దుపెట్టుకుంటుంది. "దొరికావు ముసలోడా!" అనుకుంటూ బోల్టులు విప్పి, రేకును సాక్ష్యంగా జేబులో వేసుకుంది.

గొర్రెల మలుపు రానే వచ్చింది. బ్రేకు, క్లచ్, పాదం వాల్చింది. అందలేదు. గేరు దించింది. మళ్లీ అదే బొంగరం, అదే గడ్డి, అదే నవ్వు.

మలుపు పక్క గోడ మీద కూర్చున్న ఆంటియోకో కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"అందలేదా అమ్మీ? తప్పు నాదే. ఇంకో వేలెడు పొడుగు కోయాల్సింది."

బొనారియా జేబులోంచి రేకు తీసి, దాని మీద బూటు ఆనించి చూసింది. అంచుకు అంచు సరిపోయింది. సిగ్గుతో చచ్చిపోయింది.

"నేనే విప్పేశాను. ఒక్కమాట చెప్పొచ్చుగా బాబాయ్!"

"చెబితే నమ్మేదానివా?"

ఆమె వంగి బూటుకంటిన గడ్డి దులుపుకుంది.

"లుస్సోరియోగాడికి నేర్పబోతే, ముసలి విద్యలన్నాడు," అన్నాడు ఆయన మెల్లగా. "చచ్చేలోపు ఈ కొండ మీద ఒక్క గేరన్నా సరిగ్గా దిగితే విందామని, అంతే."

మధ్యాహ్నం రెండో పరుగుంది. ఆమె రేకునూ రెంచినీ ఆయన చేతిలో పెట్టింది. ఆయన కారులోకి వంగి బోల్టులు బిగిస్తున్నంతసేపూ, పాలబిందెలో వేలు ముంచకుండా ఒక్కరోజూ బతకని ఆ మనిషి, అటు తిరిగి లోయకేసి చూస్తూ నిలబడింది. బిగించినవి పట్టి చూడకుండానే ఎక్కి కూర్చుంది.

రెండోసారి గొర్రెల మలుపులో ఇంజను ఒక్కసారి గుర్రుమంది. గోడ మీది ముసలాయన కారు వైపు చూడనేలేదు, కళ్లు మూసుకుని విన్నాడు. పైనుంచి దిగివస్తూ ఆమె దూరం నుంచే కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది:

"అందింది బాబాయ్! అందింది!"