మాయ ముక్క లేని ట్యూబు

మొన్న మధ్యాహ్నం మిద్దెమీద ఆరేసిన నూలుగుడ్డలు తీస్తుంటే ఎండకు కాగిన వాసన ముక్కుకు తగిలింది. ఒక గుడ్డను చెంపకు ఆనించుకుని కాసేపు అట్లాగే నిలబడిపోయాను. ఆ వాసన నాకు సుంకమ్మక్కది. కంబదూరు దాటాక ఉన్న ఒక చిన్న కాన్పుల ఆసుపత్రిలో ఆమె నర్సు. పుట్టబోయే బిడ్డల్ని తుడవడానికి పాత చీరలు చింపి, ఉడకబెట్టి ఉతికి, ప్రహరీగోడ మీద ఆరేసేది. మన సీమలో కరువు లేనిది ఎండకొక్కదానికేనని నవ్వేది. ఆమె పోయి ఏడాది దాటింది.

ఆమెను తొలిసారి కలిసేనాటికి నేను అప్పుడే చదువు ముగించి ఒక పరిశోధనలో చేరాను. మన ఒంట్లో దాదాపు అన్ని కణాల్లోనూ ఉండే డీఎన్ఏ ఒకటే. కానీ ఏ కణంలో ఏ భాగం పనిచేయాలో, ఏది ఊరకుండాలో తేల్చడంలో దానిమీదుండే సన్నని రసాయన గుర్తులకూ పాత్ర ఉంటుంది. ఆ గుర్తులు పడడాన్ని మిథైలేషన్ అంటారు. బిడ్డ పుట్టేనాటికే ఆ గుర్తులు నెత్తుటిలో ఒక తీరుగా, బుగ్గ లోపలి పొరలో మరో తీరుగా, కడుపులో బిడ్డను పోషించే మాయలో ఇంకో తీరుగా ఉంటాయి. ఆ తేడాలు చూడడానికి ప్రతి కాన్పులోనూ బొడ్డుతాడు నెత్తురు, బుగ్గ లోపలి తడి, మాయలో బిడ్డవైపు నుంచి చిన్న ముక్క తీసి, మంచుపెట్టెలో పంపడం నా పని.

నేను పుస్తకం భాషలో చెబితే తల్లులు బిక్కమొహం వేసేవాళ్ళు. సుంకమ్మక్క మంచం పక్కన కూర్చుని తన మాటల్లో చెప్పేది. "ఇల్లు ఒకటేనమ్మా. ఏ గదికి తాళమేసినారో, ఏది తెరిచి పెట్టినారో చూస్తారంట. నీకు ఇష్టం ల్యాకుంటే వద్దను. నేనేమీ అనుకోను." ఆ చివరి మాట నాకు నచ్చేది కాదు. అది విని కొందరు నిజంగానే వద్దనేవాళ్ళు. పైవాళ్ళు అడిగిన లెక్క నాకు నిండేది కాదు.

ఒకరోజు పొద్దున బెళుగుప్ప వైపునుంచి అనిత అనే అమ్మాయి తొలికాన్పుకు వచ్చింది. మూడు నమూనాలకూ ఒప్పుకుంది. బిడ్డ పుట్టాడు గానీ ఏడవలేదు. డాక్టరమ్మ చిన్న మాస్కు పెట్టి ఊపిరి అందిస్తోంది. సుంకమ్మక్క గుడ్డతో వాడి వీపు రుద్దుతూ, నన్ను దీపం పట్టుకోమంది. పట్టుకున్నాను. కానీ నా మనసంతా మాయ ఎప్పుడు పడుతుందా అన్నదాని మీదే ఉంది. ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. చాలాసేపటికి వాడు సన్నగా ఏడ్చాడు. నేను తేరుకుని చూసేసరికి, మాయను అనిత అత్త ఆనవాయితీ ప్రకారం కుండలో పెట్టించుకుని పాతిపెట్టడానికి తీసుకుపోయింది.

కోసిన బొడ్డుతాడు ముక్కలో నిలిచిన నెత్తురు, బిడ్డ బుగ్గ తడి తర్వాత తీసుకోగలిగాను. మూడో ట్యూబు ఖాళీ. పళ్ళెంలో ఆ తాడు ముక్క మిగిలి ఉంది. చూడడానికి అదీ మాంసం ముక్కే. ఎవరికి తెలుస్తుందనుకుని దాన్ని మాయ అని రాసి ఉన్న ట్యూబులో వేయబోయాను. సుంకమ్మక్క నా మణికట్టు పట్టుకుంది. అప్పటికే నా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ట్యూబు ఖాళీగా ఉండాదని ఏడుస్తాండావా, పాపా? ఆ పిల్లోడు ఏడ్చినాడే, అది ఇనపళ్ళేదా నీకు?"

ఆమె నా చేతిలోని పట్టకారు తీసి పక్కన పెట్టింది. "లేనిదాన్ని లేదని రాయి. దాంట్లో సిగ్గేముండాది?"

రాశాను. రెండేళ్ళ తర్వాత ల్యాబులో ఆ ఫలితాలన్నీ తెరమీద చుక్కలుగా చూశాను. నెత్తుటి చుక్కలన్నీ ఒకచోట, బుగ్గవి మరోచోట, మాయవి అందరికీ దూరంగా ఒక మూలన. ఆ రోజు నేను వేయబోయిన తాడుముక్క మాయల గుంపులో చేరేది కాదు, దొంగలా విడిగా కనబడేది. ఆ సంగతి సుంకమ్మక్కకు తెలిసి కాదు నన్ను ఆపింది. తెలియకపోయినా ఆపింది. అందుకే ఆమె మీద నాకు అంత గౌరవం.

ఆ కాన్పైన మర్నాడు పొద్దున అనిత నన్ను దగ్గరికి పిలిచింది. బిడ్డ ఒడిలో పాలు తాగుతున్నాడు. ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"కడుపుతో ఉన్నప్పుడు నేను సరిగా తినల్యా మేడం. అది నా బిడ్డ మీద రాసుంటాదా, మీ పరీక్షలో?"

ఇవి పరిశోధన కోసమే, ఒక్క బిడ్డ గురించి ఏమీ చెప్పలేమని మొదలుపెట్టాను. నిజమే చెబుతున్నాను, కానీ ఆమె మొహం ఇంకా వాడిపోతోంది. దుప్పటి మారుస్తున్న సుంకమ్మక్క పని ఆపి మంచం మీద కూర్చుంది.

"నువ్వు తినల్యాదా, నీకు దొరకల్యాదా?"

అనిత తల వంచుకునే, ఆ ఏడు వాన లేదని, శెనక్కాయ చేను నిలువునా ఎండిపోయిందని, ఇంట్లో ఒకపూట వండుకున్నామని మెల్లగా చెప్పింది.

"మరి తప్పు నీదెట్లా అవుతాది తల్లీ?" అంటూ ఆమె చెదిరిన జుట్టు వెనక్కి దువ్వింది సుంకమ్మక్క. అనిత అప్పుడు ఏడ్చింది, బిడ్డ పాలు తాగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు పనిలో చేరే కొత్తవాళ్ళకు నేనే శిక్షణ ఇస్తాను. తల్లుల్ని అడిగి నింపే ప్రశ్నల కాగితంలో 'గర్భిణి సరిగా తినలేదు' అని రాసి తెస్తే వెనక్కి పంపుతాను. మళ్ళీ ఆ తల్లి దగ్గరికి పోయి, పక్కన కూర్చుని, దొరకలేదా అని కూడా అడిగి రమ్మంటాను.