రంగం కుర్చీ

ఉమాపతి చేరిన రోజున ఆఫీసు అతనికి ఇచ్చింది ఒక చాప. అదైనా సగమే. మిగతా సగం మీద పాత కాగితాల కట్టలుండేవి.

ఉద్యోగమని ఊళ్లో అనుకునేవారు. నిజానికి అతను ఉమేదువారు. అంటే జీతం లేకుండా పనిచేస్తూ, ఎవరైనా ఎప్పటికైనా కనికరించకపోతారా అని కనిపెట్టుకుని ఉండే మనిషి. ఆ రోజుల్లో విజయనగరంలో చదువుకున్న కుర్రాళ్లు చాలామంది కచేరీల్లో అలాగే ఉండేవారు. ఉమాపతి చేరిన కచేరీ పోలీసువారిది. బర్మాలో నేరం చేసి ఇక్కడికొచ్చి దాక్కున్నవాళ్లను అక్కడి ప్రభుత్వానికీ, ఇక్కడ నేరం చేసి అక్కడికి పారిపోయినవాళ్లను మన ప్రభుత్వానికీ అప్పజెప్పే పని. బోర్డు మీద ఇంగ్లీషులో పొడుగాటి పేరుండేది. జనం రంగం ఆఫీసనేవారు. రంగూన్ని ఆ పక్క ఎవరూ రంగూన్ అనరు.

అప్పటికి యుద్ధం అయిపోయింది. మనకు స్వరాజ్యం వచ్చింది, బర్మాకూ వచ్చింది. నిన్నటిదాకా ఒకే రాజు కింద ఉన్నవి వేరువేరు దేశాలయ్యాయి. ఈ సంగతి దొంగలకింకా సరిగ్గా తెలియలేదని హెడ్డు గుమాస్తా భీమశంకరరావు బాధపడేవాడు.

ఉమాపతికి కావలసింది ఒకటే. ఏడాది పనిచేశాడనీ, బుద్ధిమంతుడనీ ఇనస్పెక్టరు సంతకంతో ఒక సర్టిఫికెట్టు. అది ఉంటే సబిన్‌స్పెక్టర్ల ఎంపికకు పిలుస్తారు. లేకపోతే ఆమదాలవలసలో తండ్రి ధాన్యం కొట్లో కూర్చోవాలి. ధాన్యపు దుమ్ముకి అతనికి చిన్నప్పటినుంచీ తుమ్ములు.

చేరిన కొన్నాళ్లకు, నేలమీద కూర్చుని రాస్తే మెడ పట్టేస్తోందని, ఒక కుర్చీ ఇప్పించమని అడిగాడు. లెక్కలో లేని మనిషికి లెక్కలో ఉన్న కుర్చీ ఇవ్వడానికి వీల్లేదన్నాడు భీమశంకరరావు. కావాలంటే ఇంటినుంచి తెచ్చుకోవచ్చు. కలం, సిరా ఎలాగూ ఇంటినుంచే వస్తున్నాయి.

ఇంట్లో ఒక కుర్చీ ఉంది. తాతది. రంగం మీద బాంబులు పడ్డప్పుడు మిగతావాళ్లు పిల్లల్నీ మూటల్నీ ఎత్తుకుని ఓడెక్కితే తాత కుర్చీ ఎత్తుకుని ఎక్కాడు. సముద్రంలో పారేయమని జనం కేకలేశారట. ఆయన అందులో కూర్చుని విశాఖపట్నం వచ్చేదాకా లేవలేదట. ఎందుకు తెచ్చాడో ఎవరికీ చెప్పకుండానే పోయాడని ఇంట్లో అనుకునేవారు. అప్పటినుంచి అది గోనెపట్టా కప్పుకుని వెనకగదిలో ఉంది.

ఉమాపతి అడిగితే మామ్మ జగ్గమ్మ, ఎక్కడికో రెండుసార్లు చెప్పించుకుంది. పోలీసు కచేరీకని రెండోసారి విన్నాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అట్టుకెల్లు. అదీ సూడాలి గదా కచేరీ," అంది.

కుర్చీ రైల్లో వచ్చింది. బంట్రోతు దాలయ్య స్టేషనునుంచి నెత్తిమీద మోసుకొచ్చాడు. చేతులున్న టేకు కుర్చీ, పేము అల్లిక. గట్టిదో కాదో చూద్దామని భీమశంకరరావు అందులో కూర్చున్నాడు. చాలా ఏళ్లుగా ఉన్న నడుంనొప్పి ఆ నిమిషాన ఆగింది. ఆయన లేవలేదు.

ఉమాపతి మళ్లీ సగం చాప మీదికి వెళ్లాడు. దాలయ్య అటుగా పోతూ, "మంచం కూడా ఉంటే తెచ్చీ బాబూ. హెడ్డుబాబు మద్దినేల నిద్దరకి పనికొస్తాది," అన్నాడు.

ఏడాది తిరిగింది. ఉమాపతి సర్టిఫికెట్టు సంగతి ఎత్తాడు. ఇనస్పెక్టరుగారు క్యాంపులో ఉన్నారన్నాడు భీమశంకరరావు. వచ్చాక, ముద్ర అరిగిపోయిందన్నాడు. కొత్త ముద్ర వచ్చాక, కుర్రాళ్లకు తొందర పనికిరాదన్నాడు. ఎంపిక దగ్గరపడుతోంది. ఉమాపతికి అన్నం సయించడం మానేసింది. తను చేసిన తప్పేమిటని దాలయ్యనడిగాడు.

"నీ తప్పేటి నేదు బాబూ. కాగితమిస్తే నువ్వెల్లిపోతావు. నువ్వెల్తే కుర్సీ ఎల్తాది. మరాయన నడుం సంగతేటి?"

ఉమాపతికి ఆ రాత్రి చాలారోజుల తర్వాత ఆకలేసింది.

ఆ వారంలోనే రంగం నుంచి ఒక పోలీసు ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. ఒకే పడవను ఇద్దరికి అమ్మి పారిపోయి వచ్చినవాడొకడు చీపురుపల్లి సంతలో దొరికాడు. వాణ్ణి తీసుకెళ్లడానికి వస్తున్నాడు. భీమశంకరరావు గోడలకు సున్నం వేయించాడు. సున్నం ఆరుతుండగా ఉమాపతి చాపమీదనుంచే నెమ్మదిగా అడిగాడు.

"బాబూ, ఆ ఆఫీసరుగారు ఎక్కడ కూర్చుంటారు?"

"ఎక్కడేటయ్యా, ఇక్కడే. నా ఎదర."

"అయితే మీ కుర్చీ ఆయనకి బాగా కనబడతాది."

"కనబడితే?"

"ఏటీ లేదు బాబూ. యుద్ధంలో దొరలు పారిపోయినప్పుడు రంగంలో సర్కారు సామాను చాలా పోయిందంట. వాళ్ల టేకు వాళ్లు గుర్తుపడతారేమోనని."

కుర్చీ చేతిమీదనుంచి భీమశంకరరావు చెయ్యి లేచింది. "మీ తాత కొన్నాడు కాదా?"

"కొనే ఉంటాడు బాబూ. చిన్నవాణ్ణి, నాకేం తెలుసు." ఉమాపతి కలం సిరాలో ముంచాడు. ఒక వాక్యం రాశాడు. "దొంగసొత్తు దగ్గరుంచుకుంటే నాలుగువందల పదకొండో సెక్షనే కదా బాబూ?"

"దొంగదని తెలిస్తేనే."

"అనుమానించడానికి కారణమున్నా చాలునని మొన్న మీరే చెప్పారు."

గుమ్మం దగ్గర దాలయ్య దగ్గాడు. రోజూ తుడిచేవాణ్ణి కనుక చెబుతున్నానన్నాడు. "అడుగున ఏటో ముద్దరున్నాది బాబూ. కిరీటంలా ఉన్నాది."

చూడాలంటే వంగాలి. వంగాలంటే నడుం ఉంది. భీమశంకరరావు చూడలేదు. లేచి నిలబడ్డాడు. అలాగే గోడవారకు నడిచి, అక్కడినుంచి కుర్చీని మనిషిని చూసినట్టు చూశాడు.

సాయంత్రానికి సర్టిఫికెట్టు తయారైంది. టైపు చేసింది ఉమాపతే, ఆఫీసులో ఆ పని వచ్చినవాడు మరొకడు లేడు. బుద్ధిమంతుడని అతను కొట్టాడు. భీమశంకరరావు ఆపి, నమ్మకస్తుడని కూడా కొట్టమన్నాడు. ఇనస్పెక్టరు సంతకం చేశాడు. ఆ రాత్రి బండికే కుర్చీ వెళ్లిపోవాలని షరతు.

ఆమదాలవలస చేరేదాకా ఉమాపతి తనలో తను నవ్వుకుంటూనే ఉన్నాడు. తెల్లవారి మామ్మకు అంతా చెప్పాడు. ఆమె నవ్వుతుందనుకున్నాడు. ఆమె వీధి తలుపు వేసి వచ్చి, కుర్చీని తిరగెయ్యమంది.

అడుగున కిరీటం ఉంది. దాని కింద ఇంగ్లీషు అక్షరాలున్నాయి. అది దాలయ్య కల్పించి చెప్పాడని అప్పటిదాకా అనుకున్నాడు అతను.

మామ్మ అప్పుడు చెప్పింది. తాత రంగంలో బియ్యం వ్యాపారం చేసేవాడు. లైసెన్సుకి ఏటా దొర దగ్గరికి వెళ్లేవాడు. దొర ఆ కుర్చీలో కూర్చుని పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఆయన్ని ఎదురుగా నిలబెట్టేవాడు. ఒక్క ఏడాదీ కూర్చోమనలేదు. బాంబులు పడ్డరోజున దొర తలుపులు తీసిపెట్టే పారిపోయాడు. లోపల డబ్బుపెట్టె ఉంది, గడియారం ఉంది, టైపు మిషను ఉంది. తాత వాటి జోలికి పోలేదు.

"అయినా దొంగతనమే కదే మామ్మా," అన్నాడు ఉమాపతి. అతని చెయ్యి జేబులో సర్టిఫికెట్టు మీదకు పోయింది.

"ఏటో మరి, సదువుకున్నోడివి నువ్వు. అట్టుకెల్లి ఒప్పసెప్పీ. ఏడాదిపాటు పోలీసోళ్లే కూసున్నారని కూడా సెప్పు."

గోనెపట్టా మళ్లీ కప్పేశారు.

ఎంపికకు పిలుపు వచ్చిన రోజునే దాలయ్య కూడా వచ్చాడు. శ్రీముఖలింగం వెళ్తూ దారిలో ఆగాడు. అరుగు కింద నిలబడే సంగతులు చెప్పాడు. రంగం ఆఫీసరు వచ్చాడు. ఏ కుర్చీ ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికి తెలుసని భీమశంకరరావు అన్నిటినీ వెనక కొట్టంలో పెట్టించేశాడు. ఆఫీసరు బల్లమీదకు వంగి నిలబడే సంతకాలన్నీ చేశాడు.

బియ్యంలో రాళ్లు ఏరుతున్న జగ్గమ్మ చెయ్యి ఆగింది.

"ఎంతసేపు నిలబెట్టినారు?"

"మద్దినేల దాకా అమ్మా."

"దొరేనా?"

"దొరెక్కడమ్మా, ఆళ్లు రాజ్యం వొగ్గీసి ఎల్లిపోనారు గదా. బర్మావోడే. గుంటడు. మన ఉమాపతి బాబు ఈడుంటాది."

"గుంటణ్ణి నిలబెట్టీసినారా," అంది జగ్గమ్మ.

చేట పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. కుర్చీని తనే ఈడ్చుకొచ్చి అరుగుమీద వేసింది. గోనెపట్టా తీసి దులిపింది.

"నువ్వు కూసో నాయినా."

దాలయ్య ఉమాపతి వైపు చూశాడు. ఉమాపతి ఒక చాప పరుచుకుని కింద కూర్చున్నాడు. దాలయ్య తలపాగా తీసి చంకలో పెట్టుకుని, మెల్లగా ఒక పక్కగా కూర్చున్నాడు. తర్వాత వెనక్కి వాలాడు.

"ఓలమ్మా," అన్నాడు, "మరా హెడ్డుబాబు లెగమంటే ఎలా లెగుస్తాడు."