మా మందిరంలో పడుకున్న బడి

మొన్న కుందుర్పికి పోయే బస్సులో కూర్చుని ఉండగా, నేను ఒకప్పుడు పాఠాలు చెప్పిన బడి కిటికీలోంచి కనిపించింది. తాళం వేసి ఉంది. పిల్లలు తక్కువయ్యారని తరగతులను పక్క ఊరి బడిలో కలిపేశారని పక్కన కూర్చున్నామె మామూలుగా చెప్పింది. నాకు మాత్రం మా చిన్నమ్మ గుర్తొచ్చి, దిగాల్సిన చోటు దాటిపోయింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఏటేటా వేరుశనగ ఎండిపోతున్న రోజుల్లో, నేను ఆ బడిలో విద్యా వాలంటీరును. దసరా అయిందంటే ఊరి చివర మా దళిత క్రైస్తవుల కాలనీ వాళ్లే కాదు, ఊళ్లోని చిన్న రైతులు కూడా బెంగళూరులో కట్టడం పనులకు మూటలు కట్టేవారు. వెంట పోయిన పిల్లలు తిరిగొచ్చేసరికి హాజరుపట్టీలో పేరుండదు, చదివింది గుర్తుండదు, సిగ్గుపడి ఇక బడి వైపు చూసేవారు కాదు. ఆ ఏడు చిన్నమ్మ మనవరాలు నాలుగో తరగతి. ఆదివారం మా మందిరంలో, ఆరాధనలో ఆ పిల్ల తడబడకుండా బైబిలు వాక్యం చదువుతుంటే, అక్షరం రాని మా పెద్దలు కళ్లు తుడుచుకునేవారు. అమ్మానాన్నలతోపాటు చిన్నమ్మ కూడా కూలికి పోక తప్పదు కనుక, పిల్లను పెట్టుకునే దిక్కు లేదు.

అలాంటి పిల్లలకు ప్రభుత్వం తాత్కాలిక హాస్టల్ ఇస్తుందనీ, వాళ్లు పడుకునే చోటు మాత్రం బడి కమిటీయే చూపాలనీ తెలిసింది. కమిటీలో మావాళ్లకు కేటాయించిన స్థానం చిన్నమ్మది. అప్పటిదాకా ఆమె వెనక గోడ దగ్గర నిలబడి, వేలిముద్ర వేసి వచ్చేది. హాస్టల్ సంగతి మాట్లాడిన రోజు చైర్మన్, ఊళ్లో పెద్ద రైతు, చోటు లేదని మాట ముగించబోతుంటే ముందుకు వచ్చింది. పదిమందిలో మాట్లాడటమంటే ఆమెకు తెలిసింది మందిరంలో సాక్ష్యం చెప్పడమే కాబట్టి, కొంగు తలమీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, "ప్రభువు నామమున అందరికీ వందనాలు" అని మొదలుపెట్టింది. అంతా నవ్వారు. ఆమె ఆగకుండా మనవరాలి సంగతీ, ఇసుక కుప్పల మీద చదువు మరిచిపోయే పిల్లల సంగతీ చెప్పి, ఆదివారం తప్ప మా మందిరం ఖాళీయే, అందరి పిల్లలూ అందులో పడుకోవచ్చు అంది. తీర్మానాలు రాస్తున్న నేను అలవాటుకొద్దీ పైకే "ఆమెన్" అనేశాను.

చైర్మన్ మీసం దువ్వుకున్నాడు. "ఏమ్మే, మా పిల్లోళ్లు మీ గుళ్లో పండుకుంటే నీళ్లు చల్లి మీలో కలిపేసుకుంటారేమో!"

చిన్నమ్మ కళ్లు తెరిచింది. "నీళ్లు యాడుండాయప్పా చల్లేకి? తాగేకే లేకపాయ!"

ముందుగా నవ్వింది ఆయనే. ఆ నవ్వులోనే, మర్నాడు బెంగళూరు బండెక్కాల్సిన ఒక రైతు భార్య నా వైపు తిరిగి, "మా పాప గూడా ఆడే పండుకుంటాది, రాసుకోమ్మా" అంది. దాంతో తీర్మానమైంది.

ఊరి నుంచి ఒకామె, హాస్టల్ వంట కూలి దొరికి ఉండిపోయిన చిన్నమ్మ కలిసి ఒకే పొయ్యి మీద వండారు. చైర్మన్ అనుమానపడ్డట్టు చిన్నమ్మ ఎవరినీ మాలో కలుపుకోలేదు. మా పిల్లలు మోకరించినప్పుడు మిగతావాళ్లను రమ్మని ఒక్కనాడూ పిలవలేదు. ఉగాదికి తల్లిదండ్రులు తిరిగొచ్చేసరికి మనవరాలి పేరు పట్టీలో అలాగే ఉంది. వేసవి తర్వాత ఐదులో కూర్చుంది.

ఆ రోజుల్లో ప్రతి ఆదివారం వానల కోసం మొరపెట్టుకున్నాం. ఆలస్యంగానైనా దేవుడు ఆలకించాడు, వానలు పడి పంటలు నిలిచాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నవాళ్ల పిల్లల్ని ఇప్పుడు పొద్దునే పసుపు బస్సులు ప్రైవేటు బడులకు తీసుకుపోతున్నాయి. ఫీజు కట్టలేనివాళ్ల పిల్లలు మిగిలారు; అలా మిగిలినవాళ్లు కొద్దిమందే అని ఆ బడికి తాళం పడింది. ఇప్పుడు మోకరిస్తే, కరువు ఒకచోట చేర్చిన ఆ పిల్లలే మళ్లీ కావాలని అడగాలనిపిస్తుంది. కరువు రమ్మని ఏ నోటితో అడగను? పొద్దున లేస్తూనే ఎవరి దుప్పటి ఎవరిదో తెలియక కొట్లాడుకునే పిల్లలు, కరువు లేకుండా కూడా ఒకచోట చేరే దారి చూపమని మాత్రం అడుగుతుంటాను.